తొలి నష్టం ఎవరు భరించాలి?

ఖానాపూర్ ప్రాంతంలో పసుపు వేసే రైతుకు పంట చేతికి వచ్చిన తరువాతనే అసలు పరీక్ష మొదలవుతుంది. తవ్విన కొమ్ములను ఉడకబెట్టి పది పదిహేను రోజులు ఎండలో ఆరబోయాలి. ఆ రోజుల్లో ఒక్క అకాల వర్షం కురిస్తే చాలు, రంగు మారుతుంది, బూజు పడుతుంది, ధర పడిపోతుంది. కల్లంలో మొక్కజొన్న పోసుకున్నవారి గోడు కూడా ఇదే. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు దాని గేట్లు వదలగలిగిన దానికంటే ఎక్కువ వరద వచ్చి, దిగువ గ్రామాలను ఖాళీ చేయించవలసి వచ్చింది. వాతావరణ మార్పు అనే మాటను ఇక్కడి వారికి ఎవరూ వివరించనక్కరలేదు.

మరి పరిష్కారాలు లేవా అంటే, ఉన్నాయి. సౌరశక్తితో పంటను ఆరబెట్టే యంత్రాలు, తక్కువ నీటితో కూరగాయలు పండించే పందిళ్ళు, వరిగడ్డిని కాల్చకుండా ఇంధనంగా మార్చే పరికరాలు ఇప్పటికే తయారయ్యాయి. వాటిలో అధిక భాగం ప్రయోగశాల గడప దాటి పొలం దాకా రావడం లేదు. కారణం డబ్బే, అయితే డబ్బు లేకపోవడం కాదు, తగిన డబ్బు లేకపోవడం. పరిశోధనకు ఇచ్చే ప్రభుత్వ నిధి నమూనా తయారు కావడంతోనే అయిపోతుంది. బ్యాంకు పాత లెక్కలనూ తాకట్టునూ అడుగుతుంది. లాభం కోసం పెట్టుబడి పెట్టేవాడు కొన్నేళ్ళలోనే తన సొమ్ము పెరిగి తిరిగి రావాలంటాడు. ఇనుముతో, గాజుతో, మట్టితో ముడిపడిన యంత్రం ఫోనులోని యాప్ కాదు. దాన్ని ఎండలో, వానలో, నాలుగు పంటకాలాలు పరీక్షించాలి. ఆ నాలుగేళ్ళ ఖర్చును భరించే నాథుడెవరు?

దాతృత్వానికి చోటు ఉన్నది సరిగ్గా అక్కడే. తెలంగాణలో దీనికి చక్కని ఉదాహరణ హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ‘ఖేతీ’ సంస్థ. పేరు మన ఇళ్ళలో అందరికీ తెలిసిన మాటే, సేద్యం అని అర్థం. సన్నకారు రైతు కోసం చిన్న, చౌకైన గ్రీన్‌హౌస్‌ను ఈ సంస్థ రూపొందించింది. బ్రిటన్ యువరాజు విలియం 2020లో ప్రారంభించిన ఎర్త్‌షాట్ బహుమతి 2022 డిసెంబరులో, అమెరికాలోని బోస్టన్‌లో దీనికి దక్కింది. బహుమతి పది లక్షల పౌండ్లు, అంటే నాటి లెక్కలో సుమారు పది కోట్ల రూపాయలు. సాధారణ గ్రీన్‌హౌస్‌తో పోలిస్తే ధర 90 శాతం తక్కువ, ఆరుబయటి సాగుతో పోలిస్తే నీటి వాడకం 98 శాతం తక్కువ, దిగుబడి ఏడు రెట్లు అని బహుమతిదాతలు ప్రకటించారు. ఇలాంటి అంకెలు మంచి కాపుదల ఉన్న పొలంలో వచ్చినవని గుర్తుంచుకుని చదువుకోవడం మంచిది. అప్పటికి వెయ్యిమంది రైతుల వద్ద ఈ పందిళ్ళు ఉన్నాయి. 2027 నాటికి 50 వేలమందికి చేర్చాలన్నది సంస్థ లక్ష్యం.

ఇది అప్పూ కాదు, వాటా కొనుగోలూ కాదు. తిరిగి చెల్లించనవసరం లేని సొమ్ము. కాబట్టి పేద రైతు కోసం ధర తగ్గించే పనికి, తప్పిన నమూనాను విప్పి మళ్ళీ కట్టే పనికి అది వెచ్చించదగినది. అంతకు ముందరి ఏడాది ఇదే బహుమతి గడ్డి దహనానికి ప్రత్యామ్నాయం చూపిన ఢిల్లీ సంస్థ ‘టకాచార్’కు, తరువాతి ఏడాది సౌర ఆరబెట్టు యంత్రాల ‘ఎస్‌ఫోర్‌ఎస్’కు లభించాయి. అసలు పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1972లో పుట్టడం వెనుక కూడా ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ దాతృత్వ సంస్థల చొరవ ఉంది.

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. అబ్బాసీ ఖలీఫా హారూన్ రషీద్ భార్య జుబైదా మక్కా యాత్రికుల కోసం కాలువ తవ్వించినప్పుడు, నీరు పారకముందే కొండల మధ్య సొమ్ము ఖర్చు చేయవలసి వచ్చింది. వఖ్ఫ్ సంప్రదాయం అలాంటి ఓపిక గల ధనానికే పుట్టినిల్లు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. జకాత్ హక్కుదారులు ఎనిమిది వర్గాలుగా నిర్ణయమై ఉన్నారు. అప్పుల్లో కూరుకుపోయిన రైతు వారిలో ఒకడు కావచ్చు గాని, యంత్రాలు తయారుచేసే కంపెనీ కాజాలదు. ఇటువంటి ప్రయత్నాలకు సదఖా సొమ్ము, ఖర్జె హసనా తగినవి. యంత్రం విజయవంతమైతే అసలు తిరిగి ఇచ్చి, విఫలమైతే మాఫీ పొందే ఏర్పాటును నేడు దాతృత్వ సంస్థలు ఆధునిక పద్ధతిగా చెప్పుకుంటున్నాయి. వడ్డీకి దూరంగా ఉండదలచిన కుటుంబాలకు అది ఖర్జె హసనాకు చాలా దగ్గరగా కనిపిస్తుంది.

నాకు సందేహం మిగిలేది మరోచోట. దాత సొమ్ముతో సంస్థ ప్రయోగం చేస్తుంది, కానీ ప్రయోగం జరిగేది రైతు పొలంలో. పంట పోతే సంస్థకు అనుభవం మిగులుతుంది, రైతుకు అప్పు మిగులుతుంది. అందుకే ఎంతమందికి యంత్రాలు పంచారని అడిగే ముందు, చెడిపోయిన పంటకు ఎవరు చెల్లించారని దాత అడగాలి. ఖానాపూర్ వంటి పట్టణంలోని బైతుల్‌మాల్ పది కోట్లు ఇవ్వలేదు. ఒక ఆరబెట్టు యంత్రానికి ఒక్క పసుపు కాలం హామీగా నిలబడగలదు. పసుపు చెడితే ఆనాటి నిజామాబాదు మార్కెట్ ధర ప్రకారం ఆ క్వింటాళ్ళ విలువ రైతుకు చెల్లించాలన్న షరతును, యంత్రం కల్లంలో దించకముందే కాగితం మీద రాసుకోవాలి.