పది రోజులు ఎవరి కోసం?

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే ప్రతి విద్యార్థీ పుస్తకాల సంచీ లేకుండా పది రోజులు గడపాలనీ, వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటి స్థానిక వృత్తి నిపుణుల వద్ద పని నేర్చుకోవాలనీ జాతీయ విద్యావిధానం 2020 సూచించింది. శ్రమకు దూరంగా పెరిగే పిల్లలకు ఇది మేలైన పాఠమే.

అయితే హైదరాబాద్ పాతబస్తీలో బడి విడిచిన వెంటనే తండ్రి మెకానిక్ షెడ్డులో స్పానర్ పట్టే బాలుడికి, తల్లి పక్కన కూర్చొని మగ్గం పని చేసే బాలికకు ఆ పది రోజులు కొత్తగా ఏమి చూపుతాయి? వారికి పని కొత్త కాదు. ఆ పని తీసుకుపోగల ఎత్తు కొత్త. 6-14 ఏళ్ల ముస్లిం బాలల్లో నాలుగో వంతు మంది బడిలో చేరనే లేదనీ, లేదా మధ్యలోనే మానేశారనీ 2006లో సచార్ కమిటీ తేల్చింది. అలాంటి సమాజానికి ‘నైపుణ్యం’ పేరుతో మళ్లీ కుట్టుమిషనే చూపితే, అది భవిష్యత్తుకు సన్నాహం కాదు, గతానికి కొనసాగింపు.

చేతిపనిని చిన్నచూపు చూడాలని మా ఉద్దేశం కాదు. ఇంజను చప్పుడు విని లోపం పసిగట్టే బాలుడికి పాలిటెక్నిక్ ప్రయోగశాలను చూపండి. ఉర్దూ మాధ్యమంలోనే పాలిటెక్నిక్ విద్యను అందిస్తున్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలోనే ఉంది. జరీ అల్లిక తెలిసిన బాలికను మాదాపూర్ నిఫ్ట్‌కు తీసుకువెళ్లండి. న్యాయస్థానం, బ్యాంకు, ఆసుపత్రి ఎలా పనిచేస్తాయో ఇద్దరికీ చూపండి. ఏ కోర్సుకు ఏ ప్రవేశపరీక్ష, ఎంత ఫీజు, ఏ ఉపకారవేతనం ఉన్నదో తల్లిదండ్రులకు ఉర్దూలో, తెలుగులో వివరించండి.

విషాదమేమంటే, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ విద్యార్థులకిచ్చే ప్రీ-మెట్రిక్ ఉపకారవేతనాన్ని కేంద్రం 2022-23 నుంచి నిలిపివేసింది. కలలు కనవలసిన వయసులోనే చేయూత తొలగిపోయింది. దానిని పునరుద్ధరించాలి. తెలంగాణలోని మైనారిటీ గురుకులాల్లో ఈ పది రోజుల కార్యక్రమాన్ని పై విధంగా ప్రారంభించి, ఇతర ప్రభుత్వ పాఠశాలలకు విస్తరింపజేయాలి.

సమాజం కూడా చేతులు కట్టుకొని కూర్చోరాదు. మన వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు తాము పెరిగిన గల్లీలోని బడికి ఏడాదికి ఒక్క రోజు కేటాయించగలరు. తన వీధి నుంచే ఎదిగిన మనిషిని కళ్లారా చూసిన బాలుడికి ఆ దారి తనదీ అని వేరుగా చెప్పనక్కరలేదు.