ముందు ఫోకస్ పట్టడం నేర్చుకుందాం, లెన్సు తర్వాత కొందాం

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మొన్న మన తమ్ముడొకడు తండా మీద చుక్కల ఫోటో పెట్టినాడు. మసకగా వచ్చింది. కింద అందరూ "ఈ లెన్సుతో కాదురా, మంచిది కొను" అన్నారు. స్కాలర్‌షిప్ పడగానే కొంటానని వాడు కూడా రాసినాడు. నేను దీనికి ఒప్పుకోను. తప్పు లెన్సుది కాదు, ఫోకస్‌ది. నేనూ ఆ తప్పు చేసినా కాబట్టి చెప్తున్నా.

2024 సెప్టెంబరు చివర్లో తెల్లారకముందు తూర్పున తోకచుక్క వచ్చింది, గుర్తుందా? సుచిన్‌షాన్-అట్లాస్ అని పేరు. స్నేహితుడి పాత కెమెరా, 18-55 లెన్సు అడిగి తీసుకొని వేములకు పోయినా. ఐదింటికి మా యాడిని కూడా లేపి మిద్దె ఎక్కినాం. చీకట్లో ఆటోఫోకస్‌కు ఏమీ దొరకలేదు, అటూ ఇటూ తిరిగి ఆగిపోయింది. సరే అని రింగును చివరిదాకా తిప్పి, దూరం అంటే ఇదే కదా అనుకొని 60 ఫోటోలు తీసినా. వెనక చిన్న స్క్రీన్లో బాగానే కనపడినాయి. హాస్టల్లో ల్యాప్‌టాప్‌లో పెట్టి చూస్తే ప్రతి చుక్కా బొరుగు గింజంత! తోకచుక్క దూది ఉండ మాదిరి ఉంది. ఎడిటింగ్‌లో ఎంత గీకినా బాగుపడలేదు. "ఏదిరా, చూపియ్" అని యాడి అడిగితే ఏం చెప్పాల? అది మళ్లీ మన జన్మలో రాదు.

తర్వాత తెలిసింది, ఆటోఫోకస్ లెన్సుల్లో చాలావాటికి రింగు చివర అనంతం ఉండదు. ఎండకూ చలికీ ఫోకస్ కొంచెం జరుగుతుంది గనుక, అనంతం దాటి కూడా తిరిగేలా చేస్తారు. అందుకే మాన్యువల్‌లో పెట్టి, లైవ్ వ్యూలో బాగా వెలిగే చుక్కను మధ్యకు తెచ్చి, పది రెట్లు పెద్దది చేసి చూడాల. రింగును వెంట్రుకవాసి తిప్పుతూ పోతే చుక్క చిన్నదవుతుంది, దాటితే మళ్లీ ఉబ్బుతుంది. బాగా చిన్నగా ఉన్నచోటికి వెనక్కి వచ్చి, రింగు కదలకుండా నల్ల టేపు అంటించాల. ఆ తర్వాత జూమ్ ముట్టుకోవద్దు, ముట్టుకుంటే మళ్లీ మొదటికే. చుక్క దొరక్కపోతే దూరంగా ముగ్గురాయి గని దగ్గర వెలిగే లైటు చాలు.

సరిగా పట్టినామా లేదా అనేది పిల్లలకోడి చెప్తుంది. 15 సెకన్ల ఫోటో తీసి పెద్దది చేయండి. తప్పితే మొత్తం ఒకే మరక. కుదిరితే పిల్లలు విడివిడిగా కనపడతాయి. ఫోన్లోనూ అంతే, ప్రో మోడ్‌లో కొండ బొమ్మ దాకా జరిపి, ఒక్కో గీత వెనక్కి తెస్తూ తీసి చూసుకోవాల.

హైదరాబాదులో నిజామియా అబ్జర్వేటరీ వాళ్లు 1914 నుంచి గాజు పలకల మీద చుక్కల ఫోటోలు తీసి, ఆకాశంలో ఒక పట్టీ అంతా లెక్క కట్టినారు. పలక కడిగినాకే వాళ్లకు ఎట్లొచ్చిందో తెలిసేది. మనకు అక్కడికక్కడే కనపడుతుంది, అయినా చూసుకోం. పైగా పట్నం వాళ్లు కారేసుకొని వెతికే చీకటి మన తండాల్లో ఊరికే ఉంది.

తమ్ముడూ, స్కాలర్‌షిప్ డబ్బులు అట్లే ఉంచు. సంక్రాంతి సెలవుల్లో చంద్రుడు లేని రాత్రి చూసుకొని మా మిద్దె మీదికి రా. నీ కెమెరానే తీసుకురా. టేపు నేను తెస్తా.