బయట నిలబెట్టడం శిక్షేనా?

ఉపాధ్యాయ మిత్రులారా, శిక్షణ గ్రంథాలలో చదివిన 'రుణాత్మక పునర్బలనం' అనే మాటను మనలో పలువురు నేటికీ శిక్షకు మారుపేరుగానే భావిస్తున్నాము. ఇది పొరపాటు. పునర్బలనం ఏదైనా ప్రవర్తనను పెంచుతుంది, శిక్ష తగ్గిస్తుంది. 'రుణాత్మకం' అనగా చెడ్డదని కాదు. ఏదో ఒకటి తొలగిపోవడమని మాత్రమే అర్థం.

ఇంట తెలుగు మాట్లాడుతూ, బడిలో ఎక్కువగా కన్నడమో తమిళమో చదివే పిల్లవానిని తలచుకోండి. తెలుగు వాచకం బిగ్గరగా చదవమనగానే ఒత్తుల వద్ద తడబడి, పక్కవానిని గిల్లుతాడు. మనం కోపించి బయట నిలబెడతాము. వానికి చదివే బాధ తప్పింది. మరునాడూ గిల్లుతాడు. మనం చేసినది శిక్ష కాదు, రుణాత్మక పునర్బలనమే! (తరగతి సద్దుమణిగి మన తలనొప్పీ తీరింది గనుక, మనమూ మళ్ళీ బయటికే పంపుతాము.)

ముందు ఏమి జరిగింది, వాడు ఏమి చేశాడు, తరువాత ఏమి దక్కింది అని చూడాలి. 'అల్లరివాడు' అన్నది వీటిలో దేనికీ జవాబు కాదు. కష్టమైన పనికి ఎదురుతిరిగే పిల్లలకు 'నాకు అర్థం కాలేదు' అని చెప్పడం నేర్పితే అల్లరి తగ్గుతుందని కార్, డ్యూరాండ్ 1985లో నిరూపించారు.

కనుక 'ఈ మాట రావడం లేదండీ' అనడం నేర్పండి, అనగానే సాయపడండి. పక్కవానిని కాస్త ఎడంగా కూర్చోబెట్టండి. ఒక్క వాక్యమైనా చదివించనిదే వాచకం మూయనీయకండి. తొలిరోజులలో అల్లరి హెచ్చవచ్చును. తల్లిదండ్రులారా, ఇంటివద్ద మీరూ అప్పుడే లొంగిపోకండి.