శరదృతువులో ఆరోగ్య పరిరక్షణ: అబిడ్స్, నాంపల్లి వాణిజ్య ప్రాంతాలలో దోమల నివారణకు అనువైన దినమేది?

హైదరాబాద్: వర్షర్తువు ముగిసి ఆశ్వయుజ, కార్తీక మాసాలతో కూడిన శరదృతువు ప్రవేశించగానే నగర వాతావరణం ఆహ్లాదకరంగా మారుతుంది. నైరుతి రుతుపవనాలు సాధారణంగా అక్టోబరు మధ్యనాటికి ఈ ప్రాంతం నుండి నిష్క్రమిస్తాయి. బతుకమ్మ, దసరా, దీపావళి పండుగల కొనుగోళ్లతో అబిడ్స్ కూడలి, జగదీశ్ మార్కెట్, నాంపల్లి స్టేషన్ రోడ్డు కిక్కిరిసిపోతాయి. పగలు ఎండ చురుక్కుమనడం, తెల్లవారుజామున చలి తగలడం ఈ ఋతువు లక్షణం.

అయితే ఇది జ్వరాల కాలం కూడా. శరత్తును వైద్యులకు తల్లి వంటిదని పెద్దలు చమత్కరించడంలో, కార్తీకం చివరి ఎనిమిది రోజులను, మార్గశిరం తొలి ఎనిమిది రోజులను కలిపి యమదంష్ట్రలని హెచ్చరించడంలో తరతరాల అనుభవం ఉన్నది. వర్షాకాలంలో పేరుకున్న పిత్తం శరత్తులోని ఎండకు ప్రకోపిస్తుందని ఆయుర్వేదం చెబుతుంది. నేటి ప్రజారోగ్య శాస్త్రం అదే పరిస్థితిని మరొక విధంగా వివరిస్తుంది. వానలు మిగిల్చిన నీరు ఎక్కడికక్కడ నిలిచి ఉండటం, ఉష్ణోగ్రతలు దోమల వృద్ధికి అనుకూలంగా ఉండటం ఈ రెండు మాసాలలోనే కలిసివస్తాయి.

ఈ ప్రాంతానికి శరత్కాలపు అనుభవం కొత్తది కాదు. మూసీ నది నగరాన్ని ముంచెత్తినది 1908 సెప్టెంబరు 28న. ఆ తరువాత మూడు సంవత్సరాలకే, 1911లో, ప్లేగు వ్యాధి నగరాన్ని కలవరపరిచింది. ఈ రెండు విపత్తుల అనంతరం 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి మండలిని ఏర్పాటు చేసి ఇరుకు వాడల తొలగింపు, వెడల్పైన రహదారులు, మురుగు పారుదల, గాలి వెలుతురు గల గృహాల నిర్మాణం చేపట్టింది. అబిడ్స్‌కు కూతవేటు దూరంలో ఉన్న మొజంజాహీ మార్కెట్ 1935లో రూపుదిద్దుకున్నది ఆ మండలి కృషితోనే. అంటే, ఇక్కడి వీధుల రూపురేఖల వెనుక అంటువ్యాధుల భయం కూడా ఉన్నదన్నమాట. మలేరియా పరాన్నజీవిని దోమ శరీరంలో సర్ రొనాల్డ్ రాస్ కనుగొన్నది కూడా ఈ జంటనగరాలలోనే, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న. ఆ కృషికి ఆయనకు 1902లో నోబెల్ బహుమతి లభించింది.

రాస్ పరిశీలించిన అనాఫిలిస్ దోమ రాత్రివేళ కుట్టేది. నేడు నగరవాసులను ఎక్కువగా బాధిస్తున్న డెంగ్యూ, చికున్‌గున్యా వ్యాధులను వ్యాప్తి చేసే ఏడిస్ ఈజిప్టై దోమ పగటిపూట, ముఖ్యంగా ఉదయం పూట, సూర్యాస్తమయానికి ముందు కుడుతుంది. మురుగునీటిని అంతగా ఆశ్రయించదు. శుభ్రమైన నిల్వనీరు దీనికి ప్రీతి. పుట్టినచోటి నుండి కొన్ని వందల మీటర్లకు మించి ఎగరదు. ఈ స్వభావాన్ని గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. పగలు కుట్టే దోమ వల్ల మనిషికి వ్యాధి సోకే అవకాశం అతడు పగలు గడిపే చోట ఉంటుంది. గుమాస్తాకు అది కార్యాలయం, సేల్స్‌మన్‌కు దుకాణం, కక్షిదారుకు నాంపల్లి న్యాయస్థానాల ఆవరణ, విద్యార్థికి తరగతి గది. ఉప్పల్‌లోనో కూకట్‌పల్లిలోనో నివసించే వ్యక్తికి జ్వరం వస్తే అతని ఇంటి చుట్టూ మందు చల్లడం పరిపాటి. దోమ కుట్టిన చోటు అబిడ్స్‌లోని ఒక మూడంతస్తుల భవనం కావచ్చునన్న ఆలోచన సాధారణంగా రాదు.

2020 సంవత్సరంలో రాష్ట్రంలో ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు పది నిమిషాల పాటు ఇంటి పరిసరాలలోని నిల్వనీటిని తొలగించే కార్యక్రమం చేపట్టబడింది. నివాస ప్రాంతాలకు ఇది ఎంతో అనువైనది. ఆ సమయంలో కుటుంబసభ్యులందరూ ఇంట్లోనే ఉంటారు. కానీ అబిడ్స్‌లో ఆదివారం పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. దుకాణాలకు షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందరి కాలిబాటలపై పాత పుస్తకాల విక్రేతలు తమ సరుకు పరుస్తారు. పుస్తకప్రియులకు అది పండుగ రోజే. కానీ ఆ మూసిన షట్టర్ల వెనుక, మేడలపైన ఉన్న నీటిని పారబోసేందుకు మనిషి ఉండడు. కాబట్టి వాణిజ్య ప్రాంతాలకు పనిదినమే తగిన దినం. పలుచోట్ల పాటిస్తున్న శుక్రవారపు డ్రై డే ఇక్కడ ఆదివారం కంటే మేలు. శుక్రవారం నమాజు దృష్ట్యా వేళ మార్చుకోదలచినవారు శనివారం దుకాణం మూసే ముందు ఆ పని చేయవచ్చును. వారం ఏదైనా విరామం ఏడు రోజులకు మించరాదు. గుడ్డు దశ నుండి రెక్కల దోమగా మారడానికి అనుకూల ఉష్ణోగ్రతలో దాదాపు ఏడు నుండి పది రోజులు పట్టడమే దీనికి కారణం.

నీరు పారబోస్తే సరిపోదన్నది కూడా గుర్తించవలసి ఉన్నది. ఏడిస్ తన గుడ్లను నీటిమట్టానికి కొంచెం పైన, పాత్ర గోడలకు అంటిస్తుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి జీవంతో ఉండి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. డ్రమ్ములు, తొట్ల లోపలి అంచులను పీచుతోనో బ్రష్షుతోనో గట్టిగా రుద్ది కడగాలి.

ఇక నీరు నిలిచే తావులు: వేసవి తరువాత మేడపైకి చేర్చి మరచిన కూలర్లు, ఏసీల నీరు పడే బకెట్లు, మూతలేని సంపులు, లిఫ్టు అడుగు గుంతలు, సెల్లార్ల మూలలు, పూలకుండీల కింది పళ్లేలు, కార్యాలయాల వెనుక కుప్పవేసిన పాత ఫర్నిచరు, టైర్లు. వీటిలో వేటినీ వెతకడం కష్టం కాదు. చేరుకోవడమే కష్టం. ఒక్కొక్క వాణిజ్య సముదాయంలో పదుల సంఖ్యలో అద్దెదారులు ఉంటారు. యజమాని మరెక్కడో నివసిస్తారు. మేడ, సెల్లారు ఎవరి బాధ్యతో ఎవరికీ తెలియదు. కీటక విభాగం సిబ్బంది వచ్చినపుడు మొదటి ప్రశ్న మేడ తాళం ఎవరి వద్ద ఉన్నదన్నదే. ప్రతి సముదాయానికి తాళం ఉండే వ్యక్తి పేరు, ఫోను నంబరు నమోదు చేసిన జాబితా ఒకటి సర్కిల్ కార్యాలయంలో ఉంటే, ఫాగింగ్ యంత్రాల సంఖ్య పెంచడం కన్నా అది ఎక్కువ ప్రయోజనకరం.

ఫాగింగ్ విషయంలో పత్రికలకు కూడా ఒక పాత్ర ఉన్నది. పొగ కనిపిస్తుంది, ఛాయాచిత్రానికి నప్పుతుంది, పని జరుగుతున్నదన్న నమ్మకాన్ని కలిగిస్తుంది. కానీ ఆ పొగ ఎగిరే దోమలను మాత్రమే చంపగలదు. లార్వాలపై దాని ప్రభావం ఉండదు. మూసిన గదులలోకి అది చేరదు. వ్యాధి ప్రబలిన చోట తక్షణ చర్యగా దానికి విలువ ఉన్నదే గాని, తొట్టి కడగడానికి అది ప్రత్యామ్నాయం కాదు. తొట్టి కడుగుతున్న ఫోటోకు మొదటి పేజీలో చోటు దొరకదన్నది వేరే మాట.

నాంపల్లిలో మరొక ప్రత్యేక పరిస్థితి ఉన్నది. రైల్వే స్టేషను, దాని చుట్టూ లాడ్జీలు, సమీపంలోని రెడ్‌హిల్స్‌లో 1953 నుండి సేవలందిస్తున్న నిలోఫర్ పిల్లల ఆసుపత్రి కారణంగా జిల్లాల నుండి వచ్చే ప్రజలు ఇక్కడ నిరంతరం ఉంటారు. జబ్బుపడిన బిడ్డ వెంట వచ్చిన తల్లిదండ్రులు రోజుల తరబడి ఆరుబయట గడపడం సాధారణ దృశ్యం. డెంగ్యూ రోగిని కుట్టిన దోమ కొన్ని దినాల తరువాత ఇతరులకు వ్యాధిని అంటించగలదు. కాబట్టి జ్వరపీడితులకు పగటివేళ కూడా దోమతెర కట్టడం అవసరం. దోమతెర రాత్రి వస్తువని భావించే అలవాటు మలేరియా కాలం నాటిది.

2024లో ప్రపంచవ్యాప్తంగా కోటి నలభై లక్షలకు పైగా డెంగ్యూ కేసులు ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదించబడ్డాయి. అంతకు పూర్వం ఏ సంవత్సరంలోనూ ఇన్ని నమోదు కాలేదు. అయినప్పటికీ సకాలంలో చికిత్స లభిస్తే అత్యధికులు కోలుకుంటారు. జ్వరం వచ్చిన తొలి ఐదు రోజులలో ఎన్ఎస్1 ఎలీసా పరీక్ష, ఆ తరువాత ఐజీఎం ఎలీసా పరీక్ష వ్యాధిని నిర్ధారిస్తాయి. ర్యాపిడ్ కార్డు ఫలితాన్ని అనుమానిత కేసుగానే పరిగణించాలి. జ్వరానికి పారాసిటమాల్ వాడవచ్చును. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ రక్తస్రావానికి దారితీయగలవు కాబట్టి వాడరాదు. జ్వరం తగ్గగానే గండం గడిచిందని చాలామంది తిరిగి దుకాణానికో కార్యాలయానికో వెళుతున్నారు. వాస్తవానికి మూడవ రోజు నుండి ఏడవ రోజు వరకు, జ్వరం దిగే సమయమే కీలకమైనది. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తం, మగత, మూత్రం తగ్గడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. ప్లేట్‌లెట్ల సంఖ్య చూసి కలవరపడటం కూడా తగదు. రక్తస్రావం లేనపుడు సాధారణంగా ఆ సంఖ్య పదివేల కంటే తగ్గితే తప్ప ప్లేట్‌లెట్లు ఎక్కించవలసిన అవసరం రాదని జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ద్రవపదార్థాలు తగినంత ఇవ్వడం అంతకంటే ముఖ్యం.

దీపావళి నాటికి ఉబ్బసం రోగుల ఇబ్బంది మొదలవుతుంది. చేప ప్రసాదం కోసం మృగశిర కార్తెనాడు వేలాదిగా నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి తరలివచ్చేది జూన్‌లో. దాని ఫలంపై వాదోపవాదాల మాట ఎలా ఉన్నా, అక్టోబరు, నవంబరు మాసాలలో బాణసంచా పొగ, దుమ్ము, తెల్లవారుజామున చలి కలిసినపుడు ఈ రోగులు వైద్యులు సూచించిన ఇన్‌హేలరును ఒక్కపూట కూడా మానరాదు. పండుగనాడు టపాసుల సమయాన్ని రాత్రి 8 నుండి 10 గంటల వరకు పరిమితం చేస్తూ 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం వీరికి కొంత ఊరట. రసాయనాల నిల్వ ఉన్న నాంపల్లి బజార్‌ఘాట్ భవనంలో 2023 నవంబరు 13న, అనగా దీపావళి మరునాడు, జరిగిన అగ్నిప్రమాదంలో పలువురు మరణించారు. మేడ తాళం, సెల్లారు బాధ్యత ఎవరిదో నమోదు చేయడం అగ్నిమాపక తనిఖీలకు కూడా ఉపకరిస్తుంది.

జ్వరలక్షణాలు రెండు రోజులకు మించి ఉన్నవారు సమీపంలోని బస్తీ దవాఖానాను గాని, నాంపల్లి ఏరియా ఆసుపత్రిని, కింగ్‌కోఠి జిల్లా ఆసుపత్రిని గాని సంప్రదించవచ్చును. అంటువ్యాధుల చికిత్సకు నల్లకుంటలో ప్రత్యేకంగా ఫీవర్ ఆసుపత్రి ఉన్నది. దాని అధికారిక నామం సర్ రొనాల్డ్ రాస్ పేరిటనే కొనసాగుతున్నది.