హక్కు సరుకు కారాదు

విద్య వ్యాపారమైపోయిందని అందరం అంటున్నాం. ఆ మాటకు అర్థమేమిటో మాత్రం ఆలోచించడం లేదు. ఫీజు వసూలు చేయడమే వ్యాపారం కాదు. అధ్యాపకులకు జీతాలివ్వాలి, ప్రయోగశాలలు నడపాలి. 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో సుప్రీంకోర్టుకు చెందిన 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం సంస్థ అభివృద్ధికి తగినంత మిగులు ఉండవచ్చని చెప్పింది. లాభాపేక్షను, క్యాపిటేషన్ ఫీజును మాత్రం అనుమతించలేదు. 2005లో ఇనాందార్ కేసు తీర్పు కూడా ఇదే చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1983లోనే క్యాపిటేషన్ ఫీజును చట్టం ద్వారా నిషేధించింది.

కాబట్టి మా దృష్టిలో కొలమానాలు రెండే. మిగిలిన రూపాయి ఎక్కడికి వెళ్తోంది? సీటు ఎవరికి దక్కుతోంది? మిగులు తిరిగి విద్యార్థికే చేరితే అది సంస్థ. యాజమాన్య కుటుంబానికి చేరితే, సీటు ప్రతిభను కాక డబ్బును చూసి దక్కితే అది దుకాణం.

మైనారిటీ కళాశాలల విషయంలో ఈ ప్రశ్న మరింత తీవ్రమైనది. రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చిన హక్కు సమాజానిది, ఏ ఒక్క కార్యదర్శి సొత్తూ కాదు. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది బడి ముఖమే చూడలేదనో, మధ్యలో మానేశారనో సచార్ కమిటీ 2006లో తేల్చింది. అటువంటి సమాజం పేరిట పొందిన సీటును వేలం వేయడం ఆ పిల్లల వాటాను అమ్ముకోవడమే.

ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు సకాలంలో అందడం లేదన్న యాజమాన్యాల ఆవేదన న్యాయమైనదే. ప్రభుత్వాన్ని నిలదీయడంలో మేము వారికి తోడుంటాం. కానీ బకాయి సాకుతో పేద విద్యార్థి సర్టిఫికెట్లను బిగబట్టడాన్ని సమర్థించలేం.

మన లోపాలను మనమే బయటపెడితే మన హక్కును వ్యతిరేకించేవారికి బలం చేకూరుతుందని కొందరు పెద్దలు అంటారు. నిజానికి వారికి ఆయుధాన్ని అందిస్తున్నది సీట్ల అమ్మకమే, దానిపై విమర్శ కాదు.

ప్రతి మైనారిటీ కళాశాల తన వార్షిక జమాఖర్చులను, యాజమాన్య కోటాలో చేరినవారి మార్కులను నోటీసు బోర్డుపై ఉంచాలి. తీసుకున్న ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వాలి. ఇవ్వని చోట తల్లిదండ్రులు, మహల్లా కమిటీలు కలిసి అడగాలి. సమాజం పేరిట నడిచే సంస్థను లెక్క అడిగే అధికారం సమాజానికి ఉంది.