మయ్యత్ ఎవరిది?

మా ఇళ్ళల్లో ఎవరైనా పోతే ఆలస్యం చేయం. గుస్ల్ చేయించడం, కఫన్ తొడగడం, జనాజా నమాజు, దఫన్. మయ్యత్‌ని ఎక్కువసేపు ఉంచకూడదని పెద్దలు మాకు చిన్నప్పటి నుంచీ చెప్పిన మాట. శవాన్ని రోడ్డు మీద పెట్టి ధర్నా చేయడమంటే అందరికన్నా ముందు మాకే మనసొప్పదు. అయినా అలా చేసినవాళ్ళను జైల్లో పెట్టే చట్టాన్ని మేము ఒప్పుకోం.

2023 జులైలో రాజస్థాన్ అసెంబ్లీ 'మృతదేహ గౌరవం' పేరుతో ఒక చట్టం చేసింది. శవంతో నిరసనకు దిగితే ఇంటివాళ్ళకు రెండేళ్ళ దాకా జైలు. బయటివాళ్ళయితే అయిదేళ్ళ దాకా. శవాన్ని తీసుకోమని మొండికేస్తే ఏడాది దాకా. ఇది తెచ్చింది సెక్యులర్ అని మేము నమ్మి ఓట్లేస్తూ వచ్చిన కాంగ్రెస్ పార్టీ ప్రభుత్వమే. శవాల్ని అడ్డం పెట్టుకుని డబ్బులు, ఉద్యోగాలు అడుగుతున్నారట! బతికుండగా అర్జీ పెడితే ఎవరు చదివారు గనక?

అమెరికాలోనూ ఇలాంటి చట్టాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. అక్కడ వెస్ట్‌బరో చర్చివాళ్ళు చనిపోయిన సైనికుల అంత్యక్రియల దగ్గరికి వెళ్ళి ద్వేషపు అట్టలు పట్టుకుని నిలబడేవాళ్ళు. 2012 నాటి చట్టం వాళ్ళను అంత్యక్రియలకు రెండు గంటల ముందు నుంచి రెండు గంటల తర్వాత దాకా 300 అడుగుల అవతల నిలబెట్టింది. అంతకుముందు 2011లో సుప్రీం కోర్టు 8-1 తీర్పుతో వాళ్ళ మాట్లాడే హక్కును కాపాడింది కూడా. అక్కడి చట్టం ఏడ్చేవాళ్ళను పరాయివాళ్ళ నుంచి కాపాడుతోంది. ఇక్కడి చట్టం సర్కారును ఏడ్చేవాళ్ళ నుంచి కాపాడుతోంది. రెండూ ఒకటేనా?

శవానికి గౌరవం అంటున్నారు. 2020 సెప్టెంబర్‌లో హత్రాస్ దళిత బిడ్డను అర్ధరాత్రి దాటాక, ఇంటివాళ్ళు తెల్లారేదాకా ఆగమన్నా వినకుండా పోలీసులే కాల్చేశారు. ఆ గౌరవం అప్పుడేమైంది?

మన దగ్గర జరిగింది చూడండి. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపారు. వాళ్ళ మీద ఉన్న ఆరోపణ ఘోరమైంది. ఊళ్ళకు ఊళ్ళు టపాకాయలు కాల్చాయి. నలుగురిలో ఒక్కడిది మా పేరు. ఆ ఒక్క పేరు పట్టుకుని మమ్మల్నందర్నీ బోనెక్కించారు కొందరు. అప్పుడు హక్కుల సంఘాలవాళ్ళు కోర్టు తలుపు తట్టారు. హైకోర్టు శవాల్ని భద్రపరచమంది. ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు వచ్చి రెండోసారి పోస్ట్‌మార్టం చేశారు. 2022లో సిర్పూర్కర్ కమిషన్ పోలీసుల కథ నమ్మదగింది కాదని తేల్చింది. ఆ శవాలు మొదటి రోజే మట్టిలో కలిసిపోయి ఉంటే ఆ రెండో పరీక్ష ఎక్కడిది?

పేదోడికి వకీలుండడు, పేపరుండదు. చివరికి మిగిలే సాక్షి ఆ శవమే. ఆ సాక్షిని కూడా తొందరగా పూడ్చెయ్యమంటోంది ఈ చట్టం.

ఈ చట్టం రేపు మన అసెంబ్లీకీ రావచ్చు. అప్పుడు సెక్యులర్ మిత్రులు 'శవరాజకీయం' అని తల తిప్పుకోవద్దు. దఫన్‌కి తొందర పడమని మాకు మా దీన్ చెప్పింది. ఆ మాట పోలీసోడు చెప్తే వినం. మయ్యత్ మాది. ఎప్పుడు ఎత్తాలో మేమే చెప్తాం.