పది బై పది గది... ఏ ఏసీ కొనాలి?

మార్చి ఆఖరు వారానికల్లా తాండూరులో ఎలక్ట్రానిక్స్ దుకాణాల ముందు కూలర్లు బారులు తీరతాయి. లోపల గోడల నిండా ఏసీలు. కొనడానికి వచ్చినవారికీ కౌంటర్లో ఉన్నాయనకీ మధ్య జరిగే సంభాషణ మాత్రం మహా అయితే రెండు నిమిషాలు.

‘‘రూము ఎంతుంటది అన్నా?’’

‘‘పది బై పది.’’

‘‘అయితే వన్ టన్ చాలు. త్రీస్టారా, ఫైవ్‌స్టారా?’’

అక్కడితో బేరం మొదలు! ఇంటి పైకప్పు దేనితో వేశారు, గది మీద ఇంకో అంతస్తు ఉందా, ఇప్పటికే నెలకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయి... ఈ మూడు ప్రశ్నలూ ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. చిన్న గదికి ఏసీ ఎంచుకోవడంలో అసలు లెక్కంతా ఉన్నది మాత్రం వాటిలోనే.

ముందు ఈ ‘టన్ను’ సంగతి. అది యంత్రం బరువని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి ఇది మంచుగడ్డల కాలం నాటి కొలత. అమెరికా టన్ను మంచు, అంటే దాదాపు 907 కిలోలు, ఒక రోజంతా కరుగుతూ చుట్టూ ఉన్న వేడిని ఎంత పీల్చుకుంటుందో, అంత వేడిని అదే సమయంలో బయటికి తోడేసే యంత్రమే ఒక టన్ను ఏసీ. గంటకు 12,000 బీటీయూలని కంపెనీలు రాసేది ఇదే. 1902లో విలిస్ క్యారియర్ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో తొలి ఆధునిక ఏసీకి రూపం ఇచ్చింది మనుషుల కోసం కూడా కాదు. ఓ ముద్రణాలయంలో తేమకు కాగితం సాగి, రంగులు పక్కకు జరిగిపోతుంటే దాన్ని ఆపడానికి. అంటే మొదటినుంచీ దీని పని వేడినీ తేమనూ తోడి బయట పోయడమే. బావిలో ఊట ఎంతో తెలియకుండా ఎంత మోటారు కావాలో చెప్పలేం కదా... గదిలోకి వేడి ఎటునుంచి, ఎంత వస్తోందో చూడకుండా టన్నులు తేల్చడమూ అంతే.

నెత్తిమీద పెనం

వికారాబాద్ జిల్లాలో ఆ వేడి ఎక్కువగా వచ్చేది పైనుంచే. వికారాబాద్ పట్టణం సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంది. పక్కనే అనంతగిరి కొండలు, అడవి. ఆ గాలి మంచిదనే నిజాం కాలంలో అక్కడ క్షయరోగుల కోసం శానిటోరియం కట్టారు. మే నెలలోనూ అక్కడ తెల్లవారుజామున గాలి కాస్త చల్లబడుతుంది. నలభై కిలోమీటర్ల దూరంలోని తాండూరుకు వస్తే కథ వేరు. ఎత్తు తగ్గుతుంది, చెట్లు పలచబడతాయి, కాగ్నా వేసవిలో చిక్కిపోతుంది. పైగా ఊరంతా బండ!

తాండూరు నాపరాయి దేశమంతా తెలిసిందే. నీలం, పసుపు రంగుల బండలు ఎన్ని రాష్ట్రాల ఇళ్లలో గచ్చులుగా మారాయో లెక్కలేదు. స్థానికంగా పాత ఇళ్లలో అదే బండను కప్పుకూ వాడారు. దూలాలో, ఇనుప గడ్డర్లో వేసి వాటిమీద పలకలు పరిచేశారు. గోడలు అడుగున్నర మందం రాయితో కట్టి ఉంటే పగలు ఇల్లు బాగానే ఉంటుంది. మధ్యాహ్నం బయట నలభై రెండు డిగ్రీలున్నా లోపల చాప పరుచుకుని పడుకోవచ్చు. చిక్కంతా రాత్రే. పొద్దున్నుంచి ఎండ తాగిన పలచటి కప్పు బండ ఆ వేడిని కొన్ని గంటల ఆలస్యంతో కిందికి దించుతుంది. సరిగ్గా పిల్లలు పడుకునే వేళకు నెత్తిమీద పెనం పెట్టినట్టే. సిమెంటు స్లాబు వేసిన కొత్త ఇళ్లలో పై అంతస్తువాళ్ల బాధ కూడా ఇదే. ఫ్యాను వేస్తే ఆ పెనం దగ్గరి గాలే ముఖానికి కొడుతుంది.

కాబట్టి పైన మరో అంతస్తు నీడ ఉన్న వంద చదరపు అడుగుల గదికి 0.8 టన్ను ఏసీ కూడా సరిపోవచ్చు. అదే గది ఎండకు నేరుగా ఉన్న కప్పు కింద ఉంటే ఒక టన్ను కనీసం. పన్నెండు బై పన్నెండు దాటి, పడమటి గోడకు కూడా ఎండ తగిలితే ఒకటిన్నర టన్ను ఆలోచించాలి. అలాగని ‘పెద్దది కొంటే పోలా’ అనుకోవడం కూడా తెలివైన పని కాదు. పాతరకం ఏసీ గదికి మించి పెద్దదైతే పది నిమిషాల్లో చల్లబరిచి ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. ఆ ఆగడాలు, మొదలవడాల్లో కరెంటు వృథా, కంప్రెసర్‌కు అలుపు. జులై, ఆగస్టు ముసురు రోజుల్లో అయితే తేమ తీయడానికి వ్యవధే ఉండదు. గది చల్లగా ఉంటుంది, పక్కబట్టలు చెమ్మగా ఉంటాయి.

ఏసీకి ముందు కప్పుకు ఖర్చు పెట్టడం మేలు. మిద్దెమీద చిక్కటి సున్నం రెండు పూతలు, లేదంటే ఎండను తిప్పికొట్టే తెల్లరంగు, ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే తెల్ల టైల్స్ ముక్కల పరుపు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 2023-28 కాలానికి ‘కూల్ రూఫ్’ విధానాన్ని ప్రకటించింది ఈ ఆలోచనతోనే. బండల కప్పు అయితే మరో పని కూడా చేయాలి. పలకల మధ్య సందులు పూడ్పించాలి. లేకపోతే చల్లగాలి అటునుంచే పోతుంది, వానాకాలం నీళ్లు ఇటునుంచి వస్తాయి.

కూలరా, విండోనా, స్ప్లిటా?

నిజం చెప్పాలంటే ఈ ప్రాంతంలో ఏప్రిల్, మే నెలలకు కూలర్‌ను తీసిపారేయడానికి లేదు. ఇక్కడి ఎండ పొడి ఎండ. గాలిలో తేమ తక్కువ ఉన్నప్పుడే కూలర్ బాగా పనిచేస్తుంది. కోస్తాలో ఉక్కపోతకు చేతులెత్తేసే అదే కూలర్ తాండూరులో దర్జాగా నడుస్తుంది. కాలే కరెంటు ఏసీతో పోలిస్తే ఏపాటి! కాకపోతే దాన్ని కిటికీ బయట పెట్టి, ఎదురుగా మరో కిటికీయో తలుపో తెరిచి ఉంచాలి. చిన్న గదిలో మంచం పక్కన పెట్టి తలుపులు మూసేస్తే అరగంటలో గది ఆవిరి పొయ్యి అవుతుంది. నీళ్లు దండిగా ఉండాలి. జూన్‌లో తొలకరి పడగానే దాని పని అయిపోతుంది. గాలాడని లోపలి గది, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లు, దుమ్ముకు కిటికీ తెరవలేని వీధి... ఇలాంటి ఇళ్లకు ఏసీ తప్పదు.

ఏసీల్లో విండో రకం ఇప్పుడు చులకనైపోయింది గానీ, అద్దె ఇంట్లో ఉండేవారికి అదే నయం. ఒకటే పెట్టె. ఇల్లు మారితే ఊడదీసి ఆటోలో వేసుకుపోవచ్చు, గ్యాసు గొడవ లేదు. కంప్రెసర్ అందులోనే ఉంటుంది కాబట్టి చిన్న గదిలో రాత్రి చప్పుడు వినిపిస్తుంది. పాత రాతి ఇళ్లలో కిటికీలు చిన్నవి, ఇనుప ఊచలతో బిగించినవి. ఆ గోడను పగలగొట్టి చోటు చేయించడం కన్నా స్ప్లిట్ ఏసీకి పైపులు పట్టేంత రంధ్రం వేయించడం సులువు. అది కూడా సుత్తీ ఉలీతో కాకుండా కోర్ కటింగ్ మిషన్‌తో వేయించాలి. మట్టితో కట్టిన రాతి గోడకు మామూలు మేకులూ బోల్టులూ పట్టవు. లోపలి పెట్టె బిగించే చోట ముందే చిన్న సిమెంటు పట్టీ వేయించుకుంటే అది కిందపడే భయం ఉండదు.

చక్రాల మీద తోసుకుపోయే పోర్టబుల్ ఏసీలు చూడముచ్చటగా ఉంటాయి. వాటిలో చాలావాటికి ఒకే గొట్టం. గదిలోని గాలినే వేడిచేసి ఆ గొట్టంలోంచి బయటికి నెడతాయి. ఆ ఖాళీ నింపడానికి తలుపు సందుల్లోంచి వేడిగాలి లోపలికి వస్తూనే ఉంటుంది. ఇక వెయ్యి, రెండు వేలకు ‘మినీ ఏసీ’ పేరుతో అమ్మే చిన్న డబ్బాలు... అవి నీళ్లు చల్లే బుల్లి ఫ్యాన్లు. వాటిలో కంప్రెసర్ ఉండదు.

‘ఇన్వర్టర్ ఏసీ’ అంటే కరెంటు పోయినా నడుస్తుందనుకుని కొన్నవాళ్లు ఊరికి నలుగురైనా ఉంటారు. దానికీ ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్‌కూ సంబంధం లేదు. అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం తగ్గించుకుని, పెంచుకుని నడుస్తుందని ఆ మాటకు అర్థం. రాత్రంతా నడిచే పడకగదికి ఇదే సరైనది.

ఆ 200 యూనిట్ల గీత

ఇక మూడో ప్రశ్న. చాలా ఇళ్లలో ఏసీ కొన్న మరుసటి నెల గుండె గుభేల్‌మనేది ఇక్కడే.

తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హత ఉన్న రేషన్‌కార్డు కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తోంది. గీత దాటితే మాత్రం దాటిన యూనిట్లకే కాదు, ఆ నెల వాడకం మొత్తానికీ కట్టాలి. 2025 నాటి రేట్ల ప్రకారం 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లు ఒక్కోటి రూ.5.10, ఆపై 300 దాకా రూ.7.70. అంటే 200 దగ్గర ఆగితే సున్నా. 201 అయితే వెయ్యి రూపాయలు పైన, స్థిర చార్జీలు అదనం!

రెండు ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, బోరు మోటారు ఉన్న ఇంట్లో నెలకు 120 యూనిట్లు కాలుతున్నాయనుకుందాం. ఏసీకి మిగిలింది 80. పాతరకం ఒక టన్ను ఏసీ కంప్రెసర్ తిరిగినంతసేపూ గంటకు దాదాపు యూనిట్ తింటుంది. ఆ 80 యూనిట్లూ రోజుకు రెండున్నర గంటలకు కాస్త పైన... అంతే! మంచి ఇన్వర్టర్ ఏసీ సగటున గంటకు అర యూనిట్ తీసుకుంటే ఐదు గంటలు దాటి నడుస్తుంది. కప్పుకు సున్నం వేసి, 26 డిగ్రీల దగ్గర పెట్టి, ఫ్యాను చిన్నగా తిప్పితే ఇంకాస్త. ఏసీ ఆన్ చేయగానే 24 డిగ్రీలతో మొదలవ్వాలని ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) 2020 జనవరి నుంచి నిబంధన పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అన్నది ఆ సంస్థ మాటే.

లేబుల్ మీది నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకోకుండా, దానిమీద రాసిన ఏడాది యూనిట్ల అంకె చూడాలి. అది 1600 గంటల వాడకానికి వేసిన లెక్క. ఒకదానిమీద 700, ఇంకోదానిమీద 560 ఉన్నాయనుకోండి. 1600తో భాగిస్తే గంటకు 0.44, 0.35 యూనిట్లు. ఓ మోస్తరు ఎండలు కూడా కలిపి తీసిన సగటు కాబట్టి మే నెల తాండూరులో ఇంతకు మించే కాలుతుంది. పోలికకు మాత్రం పనికొస్తుంది. వికారాబాద్‌లో ఏడాదికి డెబ్బై రాత్రులు, ఎనిమిదేసి గంటలు వాడే ఇంటికి ఆ తేడా దాదాపు 50 యూనిట్లు. ఎండ ప్రభావం కలిపి రెట్టింపు అనుకున్నా వంద యూనిట్లు, అంటే ఎనిమిది వందల రూపాయల లోపు. ఫైవ్‌స్టార్‌కు ఏడెనిమిది వేలు ఎక్కువ అడుగుతుంటే అది తిరిగి రావడానికి తొమ్మిది, పదేళ్లు! అలాంటి ఇంటికి త్రీస్టార్ ఇన్వర్టర్ చాలు. అదే 200 గీతకు అటూ ఇటూ ఊగిసలాడే ఇల్లయితే ఆ కాసిని యూనిట్లే వేసవిలో నెలకు వెయ్యి రూపాయలు మిగల్చవచ్చు. అక్కడ ఫైవ్‌స్టార్‌కు పెట్టిన డబ్బు దండగ కాదు. ఏసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఆ తగ్గిన మొత్తంతో పెద్ద టన్ను వైపు కాకుండా ఇటువైపు చూడటం నయం. ప్రతి ఆదివారం మీటరు అంకె రాసుకునే అలవాటు ఉంటే గీత ఎప్పుడు వస్తుందో ముందే తెలిసిపోతుంది.

బిగించేముందు కరెంటు పనివాడిని ఒకసారి పిలవాలి. ఫ్యాన్లకూ బల్బులకూ వేసిన పాత తీగమీద ఏసీ పెట్టకూడదు. మీటరు దగ్గర్నుంచి విడిగా రాగి తీగ, దానికో ఎంసీబీ, సరైన ఎర్తింగ్ కావాలి. ఒక కిలోవాట్ లోడుతో తీసుకున్న కనెక్షన్ అయితే విద్యుత్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టి లోడు పెంచుకోవాలి. ఇప్పుడు చాలా ఏసీల్లో వాడే ఆర్-32 గ్యాసుకు కొద్దిగా మండే గుణం ఉంది. బిగించడానికీ, గ్యాసు నింపడానికీ కంపెనీ శిక్షణ పొందిన మనిషినే పిలిపించాలి.

తాండూరులో ఇంకో శత్రువు దుమ్ము. గనుల లారీలు, బండల పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. బయటి పెట్టెను రోడ్డు వైపు గోడకు కాకుండా వెనకవైపు, నీడలో, గాలి ఆడేలా పెట్టించాలి. కంపెనీ పుస్తకంలో ఫిల్టర్ రెండు వారాలకోసారి కడగమని ఉంటే ఇక్కడ వారానికోసారి కడగాలి. బయటి పెట్టె రెక్కల్లో తెల్లటి రాతిపొడి పేరుకుంటే వేడి బయటికి పోదు. అదే ఫైవ్‌స్టార్ ఏసీ అయినా యూనిట్లు మింగేస్తుంది. వేసవి మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి స్విచ్ పూర్తిగా ఆపి, మెల్లటి నీటి ధారతో కడిగించాలి. ప్రెజర్ పంపు పెడితే ఆ రెక్కలు వంగిపోతాయి.